నేరేడమ్మ వీపు మీద సవారీ

ఒకప్పుడు ఎలుగుబంటి వీపు గేదె వీపులా నున్నగా ఉండేది. వాన పడితే చుక్క నిలిచేది కాదు, ఈగ వాలితే జారిపోయేది.

ఆ రోజుల్లో నేరేడమ్మ అనే ఎలుగుకి ఒక కూతురుండేది. పేరు బొద్ది. పది అడుగులు వేసేది, కూలబడేది. మళ్ళీ పది అడుగులు, మళ్ళీ కూలబడడం.

ఆ ఏడాది ఎండలకి కొండ మీద తిండి అయిపోయింది, నేరేడమ్మకి పాలు తగ్గిపోయాయి. రెండు కొండల అవతల ఇప్పపూలు రాలుతున్నాయని చిలకలు చెప్పుకుంటున్నాయి. రాలేది కొన్నాళ్ళే. ఆలోపు వెళ్ళకపోతే బొద్దికి పాలుండవు. దారిలో ఒక బండరాయి ఉంది, దాని మీద చిరుత పడుకుంటుంది. అక్కడ కూలబడితే ఇక లేవడం ఉండదు.

పిల్లని ఎలా మోసుకెళ్ళాలో అడవిపిల్లిని అడిగింది నేరేడమ్మ. మెడ దగ్గర పళ్ళతో మెత్తగా పట్టుకో, అంతకంటే సుఖం లేదంది పిల్లి.

అలాగే పట్టుకుని బయల్దేరింది. కాసేపటికి దారి పక్కన చెదల పుట్ట కనిపించింది. పుట్ట కనిపిస్తే ఎలుగు ఏం చేస్తుంది? ముందు ఉఫ్ఫుమని మట్టి ఊదుతుంది, తర్వాత చెదల్ని జుర్రుకుంటుంది. పాపం, నోట్లో కూతురుందన్న సంగతే మరిచిపోయింది. ఉఫ్ఫుమని ఊదింది. బొద్ది ఎగిరి వెళ్ళి వెదురు పొదలో పడింది. మళ్ళీ ఊదమని ఒకటే గోల.

తర్వాత కోతిని అడిగింది. “పొట్టకి కరుచుకోమను వదినా, మేమంతా అంతేగా,” అంది కోతి. కానీ ఎలుగు పొట్ట నేలకి ఎంత దూరం? జానెడు. నాలుగు అడుగులు వేసేసరికి బొద్ది వెనకభాగం గులకరాళ్ళకి గీసుకుపోయింది.

ఇక నేరేడమ్మ సొంత తెలివి వాడింది. వీపంతా తేనె పూసుకుని, పిల్లని పైన అతికించుకుంది. కొంతదూరం బాగానే సాగింది. బొద్ది ఎంతకీ మాట్లాడకపోతే నిద్రపోయిందనుకుంది. నిద్రా పాడా! తేనె మొత్తం నాకేసి, నున్నటి వీపు మీంచి జర్రున జారి కింద పడింది.

నేరేడమ్మ దారి మధ్యలో కూర్చుండిపోయింది. వాళ్ళనీ వీళ్ళనీ అడిగింది గానీ, మోయించుకునేదాన్ని అడగనేలేదు.

“నీకెలా బాగుంటుందే?” అంది చివరికి.

బొద్ది వీపెక్కింది. బోర్లా పడుకుని, అమ్మ మెడ మీద గడ్డం ఆనించి, భుజాల మీద ఉన్న కాస్త జుట్టునీ రెండు గుప్పిళ్ళతో పట్టుకుంది. ఇక్కణ్ణించి దారి కనిపిస్తోందంది. అమ్మ చెవులు కూడా కనిపిస్తున్నాయట.

“నాకు నొప్పెడుతుందని వదిలెయ్యకు,” అంది తల్లి.

“వదలను. నువ్వు ఏడ్చినా వదలను.”

బండరాయి దగ్గరకొచ్చేసరికి చిరుత లేచి ఒళ్ళు విరుచుకుంది. నేరేడమ్మ వెనక్కాళ్ళ మీద నిటారుగా నిలబడింది. బొద్ది గాలిలో వేలాడింది. జుట్టు సాగింది, చర్మం మంటెత్తింది, పిల్ల పట్టు మాత్రం సడలలేదు. తల్లి ముందు నుంచి గర్జించింది, పిల్ల భుజం మీంచి తల పెట్టి కీచుమంది. రెండు తలల ఎలుగుని చిరుత ఎన్నడూ చూడలేదు. తనకి వేరే పనేదో ఉన్నట్టు మెల్లగా పక్కకి తప్పుకుంది.

మూడో రోజుకి ఇప్పచెట్ల కిందికి చేరారు. అమ్మ పూలు తింది, బొద్ది కడుపునిండా పాలు తాగింది.

మూడు రోజులు లాగిన జుట్టు మళ్ళీ పొట్టిది కాలేదు. భుజాల మీద బారెడు పెరిగి చిందరవందరగా వేలాడింది. కోతి చూసి, దువ్వెన దొరకలేదా వదినా అని నవ్వింది.

“దువ్వితే మా బొద్ది దేన్ని పట్టుకుంటుంది?” అంది నేరేడమ్మ, పిల్ల ఎక్కడానికి వీలుగా వంగుతూ.

అప్పటినుంచే ఎలుగుబంటి భుజాల మీద అంత పొడుగు జూలు. అప్పటినుంచే ఎలుగు పిల్లలు ఎంత దూరమైనా అమ్మ వీపెక్కి, ఆ జుట్టు పట్టుకుని, దారి చూసుకుంటూ వెళ్తాయి.