కొండ విడిదిలో రాజుగారి టీవీ

ఒకానొక రాజ్యంలో రాజుగారికి కోట ఉండేది, కొలువు ఉండేది, ఊరూరా రాజ విడిదులు ఉండేవి. ఆ విడిదుల్లో గదికొక స్మార్ట్ టీవీ కూడా ఉండేది. అది ఏ కాలమని అడిగితే చెప్పలేను గానీ, జరిగిందేమిటో చెప్పగలను.

ఆ రాజ్యం పేరు పాలవెల్లి. రాజుగారి పేరు ప్రతాపమార్తాండుడు. మనసు చెడ్డది కాదు. కాకపోతే తనకు తెలియని సంగతంటూ రాజ్యంలో ఉండకూడదని ఆయన పట్టుదల. నోట్లోంచి ఒక మాట వచ్చిందంటే అదే శాసనం. అది తప్పని ఎవరైనా చూపిస్తే మీసం దువ్వుకుంటూ కిటికీలోంచి బయటికి చూసేవారు తప్ప ఒప్పుకునేవారు కారు.

ఆయన కొలువులో నారణప్ప అనే మాటకారి ఉండేవాడు. రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం. కానీ అతని రోజుల్లో సగం రాజుగారి కోపానికీ జనానికీ మధ్య నిలబడటంలోనే గడిచిపోయేవి.

విడిదుల్లో దిగిన వర్తకులూ, యాత్రికులూ, పెళ్ళివారూ సాయంత్రం కాస్త నడుం వాల్చి, ఎవరి ఖాతాతో వాళ్ళు టీవీలో లాగిన్ అయి, పాటలో నాటకాలో చూసుకునేవారు. పొద్దున్నే బండి వేళకి హడావిడిగా మూట సర్దుకుంటూ, స్నానాల గదిలో సబ్బుపెట్టె మర్చిపోయినట్టే, లాగౌట్ చెయ్యడం కూడా మర్చిపోయేవారు. ఈ సంగతి రాజుగారి చెవిన పడింది. ఆయనకు అదొక గొప్ప ఉపాయంగా తోచింది. మనిషి నోటితో అబద్ధమాడవచ్చు గానీ, ఒంటరిగా కూర్చుని చూసే బొమ్మలు అబద్ధమాడవు కదా. అంచేత అతిథి వెళ్ళిపోయాక అతని ఖాతాను విడిది మనుషులు మూయకూడదనీ, చివరగా చూసిన పదింటి పేర్లు వారం వారం కోటకు పంపాలనీ ఆజ్ఞ వేశారు.

నారణప్ప అప్పుడే ఒక మాట అన్నాడు. అతిథి ఏం చూస్తాడో కూడా మనకే తెలియాలంటే గది తలుపులకు గడియలెందుకు పెట్టించామని అడిగాడు. తప్పు చెయ్యనివాడికి దాచుకునేదేముంటుందని రాజుగారు కొట్టిపారేశారు.

ఇలా ఉండగా ఆస్థాన విదుషి పదవి ఖాళీ అయింది. తామరపల్లి నుంచి రంగనాయకి అనే వీణ విద్వాంసురాలు వచ్చింది. నలభై దాటిన మనిషి. ఊళ్ళో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బతికింది. ఎవరి సిఫారసూ లేదు. ఊరి చివర రాజ విడిదిలో దిగి, మర్నాడు సభలో వాయించింది. ఆవిడ కల్యాణి ఎత్తుకునేసరికి సంగీతం తెలిసిన ముసలి పండితులు ఉత్తరీయాలతో కళ్ళొత్తుకున్నారు. రాజుగారు తల ఊపి భేష్ అన్నారు. పదవి ఆవిడదేనని అందరికీ తెలిసిపోయింది. వచ్చే వారం సభలో ప్రకటిస్తామని చెప్పి, అందాకా ఆవిడను పట్టణంలో ఉన్న మేనత్త ఇంట్లో ఉండమన్నారు.

ఆ వారం సభలో విడిదుల అధికారి భీమన్న జాబితాలు చదివాడు. భీమన్నది నగారా లాంటి గొంతు. రంగనాయకి జాబితాలో కుస్తీ పోటీలు వచ్చాయి, కోడిపందేలు వచ్చాయి, నలుగురిలో చదవడానికి భీమన్నే మొహమాటపడిన చిందుల పాటొకటి వచ్చింది. అన్నిటికంటే పైన 'వారం రోజుల్లో వీణ' అనే పాఠం వచ్చింది.

సభలో గుసగుసలు మొదలయ్యాయి. రాజుగారి మొహం ఎర్రబడింది. వారంలో నేర్చిన వీణకా తను తల ఊపిందని గద్దించారు. ఆ కోపం అడుగున భయం లాంటిదేదో ఉన్నట్టు నారణప్పకు అనిపించింది. అదెందుకో అప్పుడతనికి అర్థం కాలేదు. ఆవిడ వాయించగా విని కళ్ళొత్తుకున్న పండితులు మాత్రం ఉత్తరీయాల అంచులు సరిచూసుకుంటూ కూర్చున్నారు.

రంగనాయకిని పిలిపించారు. ఆవిడ జాబితా అంతా నిలబడి విన్నది. ఏడవలేదు, బతిమాలలేదు.

"ఇందులో నేను చూసినవి ఉన్నాయి, చూడనివీ ఉన్నాయి మహారాజా. ఏవి ఏవో సభలో చెప్పుకోవలసినంత తప్పు నేనేమీ చెయ్యలేదు. నా వీణ మీరు విన్నారు. అది చాలకపోతే సెలవిప్పించండి."

వీణ మాట రాగానే రాజుగారు కిటికీ వైపు చూశారు. మళ్ళీ వాయించమని అడగొచ్చు. అడగలేదు. ఆస్థానాన్ని మోసగించినందుకు ఆవిడ రాజ్యం విడిచి వెళ్ళాలన్నారు.

అప్పుడు నారణప్ప లేచాడు. పేరు ఆవిడది కావచ్చు గానీ రిమోట్ ఎవరి చేతిలో ఉందో జాబితా చెప్పదు కదా అన్నాడు. రాజుగారికి ఒళ్ళు మండింది. "అయితే పున్నమి సభలోగా నిరూపించు నారణప్పా. నిరూపించలేకపోతే ఆవిడ బండిలోనే నువ్వూ ఎక్కు."

నారణప్ప తిన్నగా రంగనాయకి దిగిన విడిదికి వెళ్ళాడు. అక్కడి నిర్వాహకుడు మొదట నోరు విప్పలేదు. నారణప్ప ఊరుకోకుండా అడగ్గా అడగ్గా మెల్లగా చెప్పాడు. ఆవిడ వెళ్ళాక అదే గదిలో ఒక వస్తాదు దిగాడు, అతని తర్వాత ఒక పెళ్ళి బృందం దిగింది. ఆ బృందంలో ఎవరో పిల్ల పెళ్ళిచూపుల్లోగా వీణ నేర్చుకోవాలని తంటాలు పడింది. ఎవరూ తమ ఖాతా తెరుచుకోలేదు. తెరిచి ఉన్నదాంట్లోనే చూసేశారు. ఇంతా చెప్పి అతను చేతులు పట్టుకున్నాడు. ఖాతా మూయకపోవడం రాజాజ్ఞే అయినా, సభలో తప్పు తన మెడకే చుట్టుకుంటుందని, ఆలుబిడ్డలు గలవాణ్ణని, తన పేరు ఎత్తవద్దని వేడుకున్నాడు. నారణప్ప ఎత్తనని మాటిచ్చాడు. ఇచ్చాక, ఇక ఏం చేసి ఆవిడను గట్టెక్కించాలో తెలియక దారంతా తల పట్టుకుని నడిచాడు.

రాజుగారికి పున్నమికి ముందు కొండ విడిదిలో ఒక రోజు విశ్రాంతి తీసుకునే అలవాటుంది. ఆ సంగతి గుర్తుకొచ్చి నారణప్ప దారిలోనే ఆగిపోయాడు. ఆజ్ఞ అన్ని విడిదులకూ వేశారు. కొండ విడిదికి మినహాయింపు ఇచ్చినట్టు తను వినలేదు.

రాజుగారు కొండ దిగిన మర్నాడు నారణప్ప కొండెక్కాడు. ఆయన దిగే పెద్ద గదే కావాలన్నాడు. రాజుగారు లేనప్పుడు అద్దె కట్టినవాళ్ళెవరికైనా ఇస్తామని తాళం చేతికిచ్చారు. లోపలికి వెళ్ళి, దిండుకు ఆనుకుని, వేయించిన వేరుశనక్కాయల పొట్లం ఒళ్ళో పెట్టుకుని టీవీ పెట్టాడు. తెర మీద ప్రతాపమార్తాండుల వారికి స్వాగతం అని వచ్చింది. నారణప్ప తనలో తను నవ్వుకున్నాడు.

రాజుగారు ఇంతకుముందు చూసినవాటి మీద కన్ను పడగానే ఆ నవ్వు ఆగిపోయింది. యుద్ధాలు లేవు, వేటలు లేవు, దర్బారు నృత్యాలు లేవు. ఉన్నవన్నీ ఒకే వరసలో పాఠాలు. పెదవుల కదలిక చూసి మాట గ్రహించడం ఒకటో పాఠం, రెండో పాఠం, మూడో పాఠం. రెండో పాఠం చాలాసార్లు చూసినట్టుంది. ఐదో పాఠం సగంలో ఆగి ఉంది.

వేరుశనక్కాయల పొట్లం పక్కన పెట్టేశాడు. రాజుగారికి చెవులు పోతున్నాయి. భీమన్నకు ఆ గొంతు చూసే ఉద్యోగమిచ్చారు. రంగనాయకి వీణ ఆయనకు సరిగా వినబడనే లేదు, పండితులు తలలూపితే తనూ ఊపారు. వారంలో నేర్చిన వీణ అని చదవగానే, వినబడని చోట తనను ఎవరో మోసగించారనుకున్నారు. ఇంత పెద్ద కోటలో ఈ మాట చెప్పుకోవడానికి ఆయనకు ఒక్క మనిషీ లేక, ఈ కొండమీదికి వచ్చి ఒంటరిగా టీవీ ముందు కూర్చుని పెదవులు చదవడం నేర్చుకుంటున్నారు.

నారణప్పకు తను ఎవరి పడకగదిలోనో తలుపు తోసుకుని వచ్చినట్టు అనిపించింది. రంగనాయకి సభలో నిలబడి తన జాబితా విన్నప్పుడు ఎలా ఉండి ఉంటుందో కూడా అప్పుడే బాగా తెలిసింది. తిరిగి వెళ్ళిపోదామా అనుకున్నాడు. వెళ్ళిపోతే ఆవిడ గతేమిటి? పోనీ ఆ పాఠాలను చెరిపేద్దామా అనుకున్నాడు. చెరిపేస్తే రాజుగారు ఎక్కడ ఆపారో మళ్ళీ వెతుక్కోవాలి. చివరికి ఒక నిశ్చయానికి వచ్చాడు. కోటకు వెళ్ళేది చివరి పదే. ఆ పదీ తనే నింపేస్తే పాఠాలు అడుగున పడిపోతాయి, ఎవరి కంటా పడవు. అనుకున్నదే తడవుగా రిమోట్ అందుకుని, లోకంలో ఎవరు తీసి పెడతారో గానీ దొరికిన వింతలన్నీ వెతికి చూశాడు. చీకటి పడకముందే కొండ దిగాడు.

పున్నమి సభకు రంగనాయకి ప్రయాణపు మూటతో, గుడ్డ చుట్టిన వీణతోనే వచ్చింది. నారణప్ప కూడా ఒక మూట తెచ్చుకుని స్తంభం పక్కన పెట్టాడు. నిరూపణ ఏదని రాజుగారు అడిగితే, ముందు ఈ వారం జాబితాలు కానివ్వండి, తొందరేముంది అన్నాడు.

భీమన్న కొండ విడిది కాగితం తీశాడు. పేరు చివర చదవడం అతని పద్ధతి. 'సభలో కళ్ళు తెరిచి నిద్రపోవడం ఎలా' అని చదివాడు. 'బట్టతల మీద కిరీటం జారకుండా చిట్కాలు' అని చదివాడు. 'పొరుగు రాజుకు లొంగిపోతూ మర్యాదగా ఉత్తరం రాయడం' అని చదివేసరికి సేనాపతి దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాతది 'వారం రోజుల్లో రాజ్యపాలన'.

రాజుగారు చెయ్యెత్తి ఆపారు. ఇలాంటివాడు తన కొలువులో ఉన్నా, రాజ్యంలో ఉన్నా అప్రతిష్టేనని, ఎవడైనా సరే ఈ పూటే సాగనంపాలని, ముందు పేరు చదవమని అన్నారు.

భీమన్న కాగితం చూశాడు. ఆ గొంతు అంత సన్నగా రావడం సభ అంతకుముందెన్నడూ వినలేదు. "ప్రతాపమార్తాండ మహారాజులుంగారు, ప్రభూ."

రాజుగారు సింహాసనం మీంచి లేచిపోయారు. తను అలాంటివి జన్మలో చూడలేదన్నారు. చూడలేదని ఎవరు నమ్ముతారని నారణప్ప వినయంగా అడిగాడు. పేరు తమదే, విడిది తమదే, జాబితా తమ ఆజ్ఞ ప్రకారం వచ్చిందే. ఒంటరిగా కూర్చుని చూసేవి అబద్ధమాడవని సెలవిచ్చిందీ తమరే.

అంతలో భీమన్న, కంగారులో మిగతా కాగితం కూడా పూర్తి చెయ్యాలనుకున్నాడో ఏమో, కింది వరుసలన్నీ గడగడా చదువుకుపోయాడు. నారణప్ప వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిదితో తనవి అయిపోయాయి. కిరీటం చిట్కాలు నవ్వొచ్చి రెండుసార్లు చూశాడు. జాబితాలో అవి రెండూ కలిసి ఒకటే అయ్యాయి.

"పదోది," అన్నాడు భీమన్న, "పెదవుల కదలిక చూసి..."

"అన్నీ నేను చూసినవే ప్రభూ," అని నారణప్ప గట్టిగా అరిచాడు. అరుస్తూనే ముందుకొచ్చి భీమన్న చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. "తమరు కొండ దిగాక ఆ గదిలో నేను దిగాను. తమ ఖాతా తెరిచే ఉంది. నా చేతిలో రిమోట్ ఉంది. అపచారమంతా నాదే."

రాజుగారు కదలకుండా అతని మొహంలోకి చూశారు. అతని పెదవుల వైపు చూస్తున్నారని నారణప్పకు తెలుసు. అందుకే నిదానంగా నిలబడ్డాడు.

"అన్నీనా?" అన్నారు రాజుగారు.

"అన్నీ ప్రభూ."

"చివరిది కూడా?"

"చివరిది కూడా నాదే. మా ఆవిడ వీధి అవతల పొరుగింటావిడతో నా గురించి ఏమంటుందో తెలుసుకుందామని నేర్చుకుంటున్నాను."

సభ పగలబడి నవ్వింది. రాజుగారు వెంటనే నవ్వలేదు. సింహాసనం మీద కూర్చున్నారు. మీసం మీదికి చెయ్యి పోయింది గానీ కిటికీ వైపు చూడలేదు. ముందు పెదవులు కదిలాయి, తర్వాత భుజాలు కదిలాయి. ఆపైన కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. అవి నవ్వు నీళ్ళేనని సభంతా అనుకుంది. నారణప్ప ఇంకోలా అనుకున్నాడు. పైకి చెప్పలేదు.

నవ్వు ఆగాక ఆయన తను పొరపాటు పడ్డానని అన్నారు. అది పాలవెల్లిలో పండగలా చెప్పుకోదగ్గ సంగతి. ఇకమీదట విడిదిలో అతిథి గది ఖాళీ చెయ్యగానే దుప్పట్లు మార్చినట్టే టీవీలో ఖాతా కూడా మూసెయ్యాలని, మూసేముందు అందులోకి తొంగి చూడకూడదని కొత్త ఆజ్ఞ వేశారు. పాత జాబితాలన్నీ అక్కడికక్కడే చింపించారు. నారణప్పను పిలిచి తన మెడలోని ముత్యాల హారం అతని మెడలో వేశారు. వేస్తూ చెవి దగ్గరగా వంగి, లోపల ఇంకేం చూశావని మెల్లగా అడిగారు.

"చూసింది గుర్తులేదు ప్రభూ," అన్నాడు నారణప్ప, మాట మాటకూ పెదవులు బాగా కదిలేటట్టు. "మతిమరుపు మనిషిని."

తర్వాత రాజుగారు రంగనాయకి వైపు తిరిగి చేతులు జోడించారు. పదవి ఆవిడదేనన్నారు. ఆవిడకు ఇష్టమైతేనే, మనసు నొప్పి తగ్గాకనే అన్నారు. ఆవిడ గుడ్డ విప్పి వీణ తీసింది.

రాజుగారు మెట్లు దిగి వచ్చి, పరిచిన తివాచీ మీద, ఆవిడకు జానెడు దూరంలో కూర్చున్నారు. వీణ కుండ మీద అరచెయ్యి పెట్టుకోవచ్చా అని అడిగారు. ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, ఎందుకని అడగకుండా, వీణను కొంచెం ఆయన వైపు జరిపింది.

కల్యాణి మొదలైంది. మొదటి స్వరం కొయ్యలోంచి చేతిలోకి పాకగానే ప్రతాపమార్తాండుల వారు చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆ రోజు సభ ముగియడానికి చాలా ఆలస్యమైందని పాలవెల్లి వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.