బొల్లిగాడి రొట్టెలో ఏముంది?

ఒకప్పుడు ఉల్లిగడ్డకు వాసనా లేదు, ఘాటూ లేదు. కోస్తే కత్తికి కూడా తెలిసేది కాదు. కూరగాయల బుట్టలో ఒక మూల కొత్తకోడలిలా ఒదిగి కూర్చునేది. అడిగితేనే మాట్లాడేది, అదీ మెల్లగా. అనుమానం వస్తే మిరపకాయ మీద రావాలి, కాకరకాయ మీద రావాలి గాని, ఉల్లిగడ్డ మీద ఎవరికొస్తుంది?

అప్పట్లో కూరగాయలు, కుక్కలు, తోడేళ్ళు, వాగు నీళ్ళు, అన్నీ మాట్లాడేవి. అందరూ మాట్లాడేవాళ్ళే కాబట్టి ఎవరి మాటా ఎవరూ ఓ పట్టాన నమ్మేవాళ్ళు కాదు.

ఆ రోజుల్లో ఒక రాళ్ళగుట్ట పక్కన అయిలవ్వ అనే గొర్రెల కాపరి ఉండేది. ఆమెకు ఒక మంద, ఆ మందకు ఒక కుక్క. నల్లటి ఒంటిమీద తెల్లమచ్చలు ఉండేవి కాబట్టి దాన్ని బొల్లిగాడు అని పిలిచేది.

అయిలవ్వ ఎవర్నీ నమ్మేది కాదు. మజ్జిగ పలచబడితే "ఎవరొచ్చిండ్రు?" అని కుండను నిలదీసేది. తలుపు చప్పుడైతే గాలిని ఆపి, ఎక్కడినుంచి వస్తున్నావని అడిగేది. గాలికే విసుగొచ్చి చుట్టూ తిరిగి పోయేది. ఇంత లోకంలో ఆమె నమ్మింది ఒక్క బొల్లిగాణ్ణి. వాడు మంద చుట్టూ తిరుగుతున్నాడంటేనే ఆమెకు కన్ను మూతపడేది.

పెనం మీద మొదటి రొట్టె బొల్లిగాడిదే. అది ఆ ఇంటి పద్ధతి. జొన్నపిండి పిసికి, చిన్న చిన్న బిళ్ళలుగా తట్టి, దోరగా కాల్చి, చల్లారాక వాడి ముందు పెట్టేది. తన రొట్టె ఆ తర్వాతే.

ఆ ఏడు అయిలవ్వ మొదటిసారి వాగు ఒడ్డున ఉల్లినారు వేసింది. పంట విరగకాసింది. "నేను తినేది వాడు తినొద్దా?" అనుకుని ఉల్లిగడ్డ సన్నగా తరిగి బొల్లిగాడి పిండిలో కలిపింది. బొల్లిగాడు మూతి నాకుతూ తిన్నాడు. మర్నాడూ తిన్నాడు. ఆ మర్నాడూ తిన్నాడు.

నాలుగోనాడు మంద వెంట పదడుగులు వేసి కూలబడ్డాడు. చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. ఉచ్చ తంగేడు చెక్క నానబెట్టిన నీళ్ళలా ముదురు రంగులో పడింది. పడుకున్న చోటే ఆయాసపడుతున్నాడు.

"ఏమైందిరా బొల్లిగా? ఎందుకు గిట్ల పడ్డవ్?" అని అయిలవ్వ వాడి తల ఒళ్ళోకి తీసుకుంది.

"తెల్వదవ్వా. కాళ్ళు నా మాట వింటలేవు."

 అయిలవ్వ మనసులో వెంటనే అనుమానం లేచి కూర్చుంది. "ఎవరో నా కుక్కకు మందు పెట్టిండ్రు!" అంది.

ముందు వాగు దగ్గరకు పోయింది. "నీ నీళ్ళల్ల ఎవరేం కలిపిండ్రు? నిజం చెప్పు!"

"నీ గొర్లన్నీ నా నీళ్ళే తాగుతున్నయ్. ఒక్కదాని తోక అన్న వంకరైందా?" అని వాగు గలగలమంటూ పోయింది.

గుట్టమీద బండరాయి పైన తోడేలు కూర్చుని ఉంది. బొల్లిగాడు పడిపోయినప్పటినుంచి అది కిందికి దిగి దిగి వస్తోంది. అయిలవ్వ కర్ర ఎత్తింది. "నువ్వే గద!"

"మందు పెట్టుడు నాకొస్తే, ఇన్నేండ్లు ఆ బొల్లిగానితోని చెవులు కొరికించుకుంటనా?" అంది తోడేలు. పెదాలు నాక్కుంటూ ఇంకో మాట కూడా అంది. "వాడు ఇక లేవడని తెలిస్తే జర చెప్పు. వస్త."

అయిలవ్వ కర్ర దించింది. బొల్లిగాడు లేకపోతే మంద ఉండదు. మంద సంగతి తర్వాత, బొల్లిగాడు లేని ఇంట్లో తనెలా ఉండాలి?

ఇంటికొస్తూ కంచె అవతల చూసింది. అక్కడ బుచ్చవ్వ కుక్క ఎగిరి గంతులేస్తోంది. బుచ్చవ్వకూ అయిలవ్వకూ ఏడాదిగా మాటల్లేవు. ఒక గొర్రెపిల్ల ఎవరిదన్న దగ్గర మొదలైన తగువు అది. బుచ్చవ్వ పేదది. ఆమె కుక్క తినేది జొన్నరవ్వ ఉడికించిన ఉత్త గటక. అప్పుడప్పుడు అందులో ఉడకబెట్టిన గుమ్మడిముక్క. ఉల్లిగడ్డలు ఆమె ఇంట్లో చూద్దామన్నా కనబడవు.

"గటక తిన్న కుక్క గంతులేస్తున్నది. బిళ్ళలు తిన్న కుక్క పండుకున్నది. ఇదేం లెక్క? ఇదంతా ఆమె పనే" అనుకుంది అయిలవ్వ.

ఆ రోజునుంచి బొల్లిగాడికి బలం రావాలని, ఒక గడ్డ వేసే చోట రెండు వేసి బిళ్ళలు చేసింది. వాడి ముందు పెట్టి, తానే మందను తోలుకుని గుట్టకు పోయేది. తిరిగొచ్చేసరికి గిన్నె ఖాళీగా ఉండేది. హమ్మయ్య, తింటున్నాడు అనుకునేది. ఐదురోజులకు బొల్లిగాడు లేచి నిలబడ్డాడు. చిగుళ్ళకు కాస్త ఎరుపు తిరిగింది.

సంతోషించాలా? అయిలవ్వకు అందులోనూ అనుమానమే. గడప దగ్గర తనవి కాని అడుగుల గుర్తులు కనబడ్డాయి.

ఆరోనాడు మందను తోలినట్టే తోలి, మిట్టమధ్యాహ్నం వెనక్కి వచ్చి ముళ్ళకంచె వెనక నక్కింది. కాసేపటికి బుచ్చవ్వ వచ్చింది. కొంగుచాటున ఒక ముంత. అటూ ఇటూ చూసింది. వంగి బొల్లిగాడి ముందు ఏదో పోసింది.

"దొరికినవే!" అని అయిలవ్వ కంచె మీదినుంచే దూకినంత పని చేసింది. ముల్లు కాల్లో దిగినా ఆగలేదు. ముంత లాక్కుంది. "నా కుక్కకు ఏం పోస్తున్నవ్? చెప్పు!"

బుచ్చవ్వ బెదరలేదు. "జొన్నజావ అక్కా. గుమ్మడికాయ ఉడకబెట్టి మెదిపిన, ఇంత పెరుగు కలిపిన. గంతే."

"నీ జావ ఎవరడిగిండ్రు? వాడు నా రొట్టె తింటున్నడు!"

అప్పుడు బొల్లిగాడు మెల్లగా లేచి, తను పడుకునే గొంగడిని కాలితో పక్కకు లాగాడు. దాని కింద ఐదురోజుల బిళ్ళలు ఉన్నాయి. ఒక్కటీ కొరికి లేదు.

"గొంతు దిగలేదవ్వా" అన్నాడు. "నువ్వు చేతులార చేసినవ్. వద్దంటే ఏడుస్తవని దాచిన."

అయిలవ్వ వంగి ఒక బిళ్ళ చేతిలోకి తీసుకుంది.

బుచ్చవ్వే అంది. "నేనొస్తున్నట్టు నీకు తెలిస్తే గిన్నె తన్నేస్తవు. అందుకే వానికి చెప్పొద్దన్న. ఒక్కటే మాట అడుగుత అక్కా. పడిపోయినప్పుడు వాడు ఎవరి తిండి తిన్నడు? లేచి నిలబడ్డప్పుడు ఎవరిది తిన్నడు?"

అయిలవ్వ ముంతను కింద పెట్టి వంటింట్లోకి పోయింది. బుట్ట బోర్లించి, పిండికుండ, ఉప్పుకుండ కూడా దించింది. అన్నిటినీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి ముందు నిలబడి కళ్ళల్లోకి చూసింది.

"నా మీద పడకు" అంది జొన్నపిండి. "బుచ్చవ్వ జావల గూడ నేనున్న."

"అందరు ముందుగాల నా దిక్కే చూస్తరు!" అని మిరపకాయ ఎర్రబడింది. "వాని రొట్టెల నన్నెప్పుడన్న ఏసినవా?"

"కుక్కకు ఉప్పొద్దని నువ్వే అన్నవ్" అంది ఉప్పు. "నేనెన్నడు ఆ గిన్నె ముట్టలే."

గుమ్మడికాయ ఏమీ అనలేదు. జబ్బు నయం చేసినదాన్ని ఎవరేమంటారన్న ధీమా దానిది.

ఉల్లిగడ్డకు దగ్గరి చుట్టమైన వెల్లుల్లి మాత్రం దాని వెనక్కి జరిగింది. జరగడం అయిలవ్వ చూసింది. వెనక్కి జరిగినదాన్ని వదిలి, ముందున్నదాని మీద చూపు నిలిపింది.

"నువ్వు" అంది. "నువ్వొక్కదానివే మిగిలినవ్."

"నేనా?" అంది ఉల్లిగడ్డ, ఎప్పటిలాగే మెల్లగా. "నన్ను నువ్వు గూడ తిన్నవ్ గద అవ్వా. నీకేం కాలేదు గద."

"లోపల ఏదో దాచినవ్. తీయ్!"

అయిలవ్వ ఉల్లిగడ్డను పట్టుకుని పైపొర ఒలిచింది. ఏమీ లేదు. ఇంకో పొర ఒలిచింది. ఏమీ లేదు. విషం ఎక్కడుందో అని గోళ్ళతో వెతికింది. పొర తీస్తే పొర, దాని కింద ఇంకో పొర. ఉల్లిగడ్డ నోరెత్తకుండా ఒలిపించుకుంది. చివరికి అరచేతిలో చిన్న మొలక మిగిలింది. అందులోనూ ఏమీ లేదు.

"నేనేం దాచలేదవ్వా" అంది ఆ మొలక. "మనిషికి నేను మంచిదాన్ని. వాని నెత్తురుకు నేను పడను. ఇన్నాళ్ళు నాక్కూడ తెల్వదు. నన్ను పిండిల కలిపిందెవరో, ఒకటికి రెండు చేసిందెవరో ఇంకెవరినడుగుతవ్?"

అయిలవ్వ తన చేతుల వైపు చూసుకుంది. వాగును అడిగింది, తోడేలును అడిగింది, బుచ్చవ్వను దొంగలా పట్టుకుంది. ఈ రెండు చేతుల్ని మాత్రం అడగలేదు. నేలమీద కూలబడి ఏడ్చింది. కన్నీళ్ళు ధారగా కారి, ఒలిచిన ఉల్లిపొరల మీద పడ్డాయి.

బుచ్చవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. "తప్పయిందే బుచ్చవ్వా" అంది అయిలవ్వ, తలెత్తకుండానే. ఆ నోటినుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. బుచ్చవ్వ లోపలికి వచ్చి పక్కన కూర్చుంది.

ఉల్లిపొరలు ఆ కన్నీళ్ళను ఒక్క చుక్క పోకుండా పీల్చుకున్నాయి. "ఇవి నాకిచ్చెయ్ అవ్వా" అంది ఉల్లిగడ్డ. "దాచుకుంట. నోరు లేనట్టు ఎవరి గిన్నెలనో కలిసిపోవుడు ఇక నాతోని కాదు. నన్ను కోసేటోళ్ళకు నేనున్నట్టు తెల్వాలె."

వెనక నక్కిన వెల్లుల్లికి చెమట పట్టింది. ఆ భయంలో పట్టిన వాసన దాన్ని ఇప్పటికీ వదల్లేదు.

బొల్లిగాడు పూర్తిగా కోలుకోవడానికి నెల పట్టింది. మొదటి రొట్టె మళ్ళీ వాడిదే అయింది, ఈసారి జొన్నపిండిలో మెదిపిన గుమ్మడికాయతో. తోడేలు ఇంకో గుట్ట చూసుకుంది. అయిలవ్వ అనుమానం పోయిందా అంటే, పోలేదు. కాకపోతే రోజూ పిండి కలిపే ముందు మొదట తన చేతుల్నే అడుగుతుంది.

అప్పటినుంచే ఉల్లిగడ్డను ఎవరు కోసినా, ఏ దుఃఖమూ లేకపోయినా, కళ్ళ నీళ్ళొస్తాయి. అవి అయిలవ్వ ఏడ్చిన కన్నీళ్ళు. కుక్క గిన్నె పక్కనే ఉంటే దాన్ని దూరంగా జరపమని చెబుతాయి.