కదిరమ్మ ఉతికిన గుడ్డ

నమ్మనివాడు ఇప్పుడే లేచి పోవచ్చు. దారి అదుగో. కూర్చున్నవాళ్ళు మాత్రం మధ్యలో "అంత లేదులే తాతా" అనకూడదు. జరిగినదాంట్లో సగం తగ్గించే చెబుతాను.

కొండలు ఇంకా పెరుగుతున్న కాలం అది. గువ్వలకొండ కింద ఒక పల్లె. ఆ పల్లెకు ఒకే ఒక్క తుపాకి. దాన్ని పేల్చేవాడు బోయ ఓబులేసు. వాడి గురి ఏమని చెప్పేది! ఎగిరే ఈగకు ఎడమ మీసం కొట్టి కుడి మీసం ఉంచేవాడు.

ఆ ఏడు పాత తుపాకి విరిగి కొత్తది వచ్చింది. దాని గొట్టం లోపల పాము చుట్టుకున్నట్టు మెలికల గాడులు. ముందు మందు పోయాలి. తర్వాత గుండుకు గుడ్డపేలిక చుట్టి కడ్డీతో కూరాలి. ఆ పేలిక గాడుల్ని గట్టిగా పట్టుకుంటేనే గుండు సూటిగా పోతుంది. పల్లె ఆచారమేమో, ఆయుధానికి కొత్త గుడ్డే పెట్టాలి. కట్టి విడిచిన గుడ్డ పెడితే ఆయుధం అలుగుతుంది.

అప్పుడే కొండ మీద నుంచి ఒక అడవిపంది దిగింది. దున్నపోతంత పంది. కాదు, రెండు దున్నపోతులంత. రోజూ తెల్లారగానే వచ్చి కొర్రచేలు దున్నేసేది. ఇక మిగిలింది చివరి చేను, కదిరమ్మది. మగడు పోయిన ముసలామె. ఆ గింజలు పోతే ఆమెకు తిండి లేదు, పల్లెకు విత్తనమూ లేదు.

మొదటి తెల్లారి పంది వచ్చింది. ఓబులేసు పసుపు రాసిన కొత్త గుడ్డ చుట్టి పేల్చాడు. గుండు పక్కకు పోయింది. పంది తలెత్తి చూసి మళ్ళీ మేసింది.

"కన్ను మసకేసిందేమిరా ఓబులేసూ?" అంది కదిరమ్మ.

"నా కంటికేమి అవ్వా! గద్ద నా దగ్గర చూపు అప్పడుగుతుంది!"

కదిరమ్మ నేల మీద పడిన పేలికను ఏరింది. లాగింది, వెలుతురుకు పట్టింది, వేలితో పొడిచింది. నడుమ కాలి బొక్క పడింది. వాసన చూసింది. మాడిన గంజి.

"ఒరే, మగ్గం మీది గంజి పోలేదు దీనికి. పెళుసు గుడ్డ. బాగా ఉతికింది పెట్టు."

ఓబులేసు తల గోక్కున్నాడు. ఒంటికి కాదు, తలకు కట్టిన రుమాలు కదా, తప్పులేదనుకున్నాడు. రెండో తెల్లారి తన పాత రుమాలు చించి కూరాడు. పేల్చాడు. గుండు ఆకాశానికి పోయింది. పంది సగం చేను మేసి పోయింది.

కదిరమ్మ పేలికను ఏరింది. లాగింది, వెలుతురుకు పట్టింది, వేలితో పొడిచింది. పోగులు పోగులుగా ఊడొచ్చింది.

"ఉతికిందే గానీ చీకిపోయింది. ఉతుకుడు పడాలి, నేత బిగువు తగ్గకూడదు."

"అట్లాంటి గుడ్డ ఈ పల్లెలో ఎవరికుంది?"

కదిరమ్మ తన కోక చెంగు పట్టుకుంది. లాగింది, వెలుతురుకు పట్టింది, వేలితో పొడిచింది. చెంగు కిమ్మనలేదు. పర్రున చించింది.

ఓబులేసు రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దవ్వా! మగడు పోయిన ఆడదాని కోక తుపాకిలో పెడితే ఊరికి అరిష్టం!"

"ఆ పంది మగడున్నామె చేనా, లేనామె చేనా అని అడిగి మేస్తాందా?"

ఓబులేసు తుపాకి తుడవసాగాడు.

కదిరమ్మ ఆముదంలో తేనెమైనం కరిగించి ఆ గుడ్డకు పట్టించింది. "కారుతుంటే మందు తడుస్తుంది" అంటూ గట్టిగా పిండి ఆరేసింది.

మూడో తెల్లారి పంది వచ్చింది. ఓబులేసు కళ్ళు మూసుకుని ఆయుధానికి దండం పెట్టాడు. కళ్ళు తెరిచి పేల్చాడు.

ఆ గుండు పందిలోంచి దూసుకుపోయింది. వెనకున్న బండను చీల్చింది. కొండ అవతలి ఊళ్ళో ఆరబోసిన మిరపకాయల్లో పడింది. పంది కూలిన అదురుకు గువ్వలకొండ జానెడు కుంగింది. అప్పటినుంచే అది పెరగడం మానేసింది.

పేలిక మాత్రం మెల్లగా వచ్చి మట్టిలో పడింది. చిరగలేదు, కాలలేదు. కదిరమ్మ దాన్ని ఉతికి కంప మీద ఆరేసుకుని కొర్రలు కోయడానికి పోయింది. పల్లెకు విత్తనం మిగిలింది.

ఆమె బతికినన్నాళ్ళూ చెంగు పొట్టి కోకే కట్టింది. కొత్తది ఇస్తామంటే, "ఇది బాగానే ఉంది పోండిరా" అనేది. ఆమె పోయిన రోజు పల్లె పల్లెంతా ఏడ్చింది. పాడె మీదికి ఎవరూ కొత్త బట్ట తేలేదు. ఇంటింటి నుంచీ బాగా ఉతికిన బట్ట తెచ్చి కప్పారు. అందరికన్నా ముందు ఓబులేసు కప్పాడు.

ఈనాటికీ గువ్వలకొండ కింద ఆయుధపూజ నాడు కత్తికి కొత్త గుడ్డ, కొడవలికి కొత్త గుడ్డ. తుపాకికి మాత్రం ఎవరైనా ముసలామె కట్టిన కోక పేలిక. పెట్టేముందు లాగుతారు, వెలుతురుకు పడతారు, వేలితో పొడుస్తారు. కొత్త అల్లుడు మరీ తళతళలాడుతూ వస్తే ఆడవాళ్ళు చెవులు కొరుక్కుంటారు: "బాగానే ఉన్నాడు గానీ, కదిరమ్మ ఉతికిందా?"

ఇంకా అనుమానమా? ఆ తెల్లారి చింతకొమ్మ మీద కూర్చుని అంతా కళ్ళారా చూసినవాడు మీ ముందే ఉన్నాడు. కూలిన పందిని ఒంటిచేత్తో ఇంటికి మోసుకొచ్చిందీ వాడే. పేరు రాసుకోండి: పుల్లగుమ్మి మద్దిలేటి.