చివరి చరణంలో పేరు

ఆ రోజు కార్తీక బహుళ ద్వాదశి, గురువారం. సాయంత్రం ఆరున్నర. బాలసిద్ధయ్య గురువుగారి ఇంట్లో దీపం పెట్టారు గానీ భజనకు ఇంకా జనం చేరలేదు. మగ్గం పక్కన గోడకు ఆనుకుని పెద్ద శిష్యుడు ఉప్పలయ్య ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

ఆయన కడుపుమంట ఊరంతటికీ తెలుసు. మందుల ఫ్యాక్టరీ వాళ్లు వాగులోకి నురగనీళ్లు వదులుతున్నారని మొట్టమొదట గొంతెత్తింది ఆయనే. సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ ఆఫీసుకు వెళ్లిన మొదటి దరఖాస్తూ ఆయనదే. "మా వాగును ఎందుకు చంపుతున్నారు? మీకు పిల్లలు లేరా?" అని రాశాడు. ఆఫీసులో ఉన్న కాగితాలు అడిగితే ఇస్తాం, ఎందుకని అడిగితే చెప్పలేం అని జవాబొచ్చింది. అప్పీలు మీద అప్పీలు వేశాడు. ప్రతిసారీ అదే మాట.

నిన్నగాక మొన్న గురువుగారి దగ్గర ఉపదేశం తీసుకున్న దర్జీ యశోద రెండే ముక్కలు అడిగింది. ఆఫీసు వాళ్లు వాగునీళ్లు పరీక్షకు ఎప్పుడెప్పుడు పట్టుకెళ్లారు? పరీక్షలో ఏం తేలింది? తేదీలన్నీ వచ్చేశాయి. పేపర్లో ఆమె ఫొటో పడింది. ఆ పూట నుంచి ఉప్పలయ్యకు అన్నం సయించడం లేదు.

యశోద వచ్చి ఆయన ముందే కూర్చుంది.

"అన్నా, పరీక్ష కాగితాలు మాత్రం ఇయ్యరట. వ్యాపార రహస్యమట. మన గొడ్లు తాగే నీళ్లు వాళ్ల రహస్యమెట్లయినయి? అప్పీలు గడువు రేపటితో సరి. నాకు రాసుడు రాదు. నువ్వు రాసియ్యవా?"

"ఫొటో దిగుడు వచ్చింది గదా. రాసుడు రాదా?"

యశోద కళ్లు దించుకుంది. వత్తులు చేస్తున్న గురుపత్ని నరసవ్వ, "ఏం మాటలయ్యా అవి!" అంది.

"రాసేది నేను, పేరు ఆమెదా అవ్వా? నా పేరు మీద పెట్టమను, ఇప్పుడే రాస్త."

"దరఖాస్తు పెట్టినోళ్ల పేరు మీదనే పోవాలె గదన్నా. నీకు తెల్వదా?"

తెలుసు. ఆ ఊళ్లో ఆ సంగతి ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

గురువుగారు లేచారు. గోడకున్న తంబుర దించి ఉప్పలయ్య చేతిలో పెట్టారు.

"కొమరయ్య తత్వం పాడు."

కొమరయ్య గురువుగారితో పాటు ఉపదేశం పొందినవాడు. ఎప్పుడో కాలం చేశాడు. ఆయన కట్టిన తత్వాలంటే ఉప్పలయ్యకు ప్రాణం. ఎంత కోపంలో ఉన్నా గొంతు విప్పేసరికి ఇల్లు నిండిపోయింది. పాడుతూ పాడుతూ, కట్టినవాడి పేరుండే చివరి చరణంలోకి వచ్చాడు.

"కదలనిదే కనుమని కొమరయ్య..."

గురువుగారు తంతి మీద చెయ్యి వేశారు. "అక్కడ ఉప్పలయ్య అని పాడు."

"అయ్యో, తప్పు గదా సామీ! కట్టింది ఆయన."

"పాడేది నువ్వే గదా. పోనీ, పేరే తీసెయ్యి."

"పేరు తీస్తే తత్వం ముగియదు సామీ."

"ఇన్నేండ్ల సంది పాడుతున్నవు. ఆ పేరు పలికినప్పుడు ఎన్నడన్నా నోరు చేదయిందా?"

గురువుగారు తంతి మీద నుంచి చెయ్యి తీసేశారు. ఉప్పలయ్య ఆ చరణం మళ్లీ మొదటి నుంచీ ఎత్తుకున్నాడు. కొమరయ్య పేరు నోరారా పలికాడు.

తెల్లవారి ఆ ఇంట్లో మగ్గం ఆడలేదు. ఉప్పలయ్య వాకిట్లో కూర్చుని అప్పీలు రాస్తుంటే నరసవ్వ రొట్టెలు మూట గట్టింది. గురువుగారు పక్కనే నిలబడి ఎండ కాగితం మీద పడకుండా కండువా పట్టారు. చివర "ఇట్లు, యశోద" అని తన చేత్తోనే రాసి, "ఇక్కడ సంతకం పెట్టు చెల్లె" అన్నాడు ఉప్పలయ్య.

తరవాత ఇంటికి తాళం వేసుకుని, అప్పీలు ఇచ్చి రావడానికి నలుగురూ కలిసి మొదటి బస్సెక్కారు.