గుహ నడుమ వినిపించని డోలు

అనగనగా ఒక కొండగుహ. దారి చెప్పను పిల్లలూ, చెబితే వెళ్తారు. గుహ వాకిట్లో ఎలుగుబంటి పెద్ద డోలు పెట్టుకుని కూర్చునేది. చిరుత కనబడితే డోలు కొట్టేది. ఆ మోత కడుపులో గుమ్మనగానే గుహలో ఉండే జంతువులందరూ బండల సందుల్లోకి దూరేవారు. పగలు కూడా కన్ను కనబడని ఆ చీకటి గుహలో అదొక్కటే వాళ్ల ప్రాణాలకు కాపలా.

గోడవారన చోటంతా పెద్దవాళ్లది. నక్కకు మంచి మూల దొరికింది, పనిమాత్రం ఏమీ లేదు. చివరి మూల ముళ్లపందిది. దాని పక్కన పడుకుంటామని ఎవరూ అడగలేదు. కుందేలుకు మిగిలింది గుహ నట్టనడుమ. అక్కడే పిల్లల్ని పెట్టింది.

ఒకరోజు కుందేలు, "మామా, నడుమ నీ డోలు వినబడటం లేదు" అంది.

"చివరనున్న ముళ్లపందికి పళ్లు అదురుతున్నాయట. దానికన్నా దగ్గరున్న నీకు వినబడదా? అంత పొడుగు చెవులు దేనికమ్మాయ్, బట్టలు ఆరేసుకోవడానికా?" అంది ఎలుగుబంటి.

అందరూ నవ్వారు. ఎలుగుబంటి చూస్తోందని నక్క కాస్త ఎక్కువ నవ్వింది.

కుందేలు మళ్లీ వచ్చింది. ఎలుగుబంటి ఇంకా పెద్ద డోలు కట్టించింది. మూలలు దద్దరిల్లాయి. నడుమ మాత్రం చప్పుడే లేదు.

మూడోసారి ముళ్లపంది కూడా వచ్చింది. "బావా, నీ మోత గోడకు కొట్టుకుని తిరిగొస్తోంది. పోయేదీ వచ్చేదీ నడుమన ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. అటు గోడకు చిన్న డోలు పెట్టి, నీతోపాటే కొట్టిద్దాం."

"రెండో డోలా? ఈ గుహకు నేనొక్కణ్ణి చాలనా?" అని ఎలుగుబంటి ముఖం తిప్పుకుంది.

ఆ వారంలోనే, పట్టపగలు చిరుత వచ్చింది. ఎలుగుబంటి చేతులు పడిపోయేలా కొట్టింది. అందరూ సందుల్లోకి దూరారు. కుందేలు పిల్లలకు పాలిస్తూ అలాగే ఉండిపోయింది.

చిరుత వెళ్లాక నడుమ కాస్త బొచ్చు మిగిలింది. తల్లీ లేదు, పిల్లలూ లేరు.

ఎలుగుబంటి డోలు కర్ర నక్క చేతికిచ్చి కొట్టమంది. నడుచుకుంటూ వెళ్లి ఆ బొచ్చు పక్కన నిలబడింది. కాసేపాగి, "కొట్టవేం?" అని అరిచింది.

"కొడుతూనే ఉన్నాను మామా" అంది నక్క.

మర్నాడు అటు గోడకు రెండో డోలు పెట్టారు. ఇప్పుడు నడుమ కూడా గుమ్మంటుంది. వినడానికి అక్కడెవరూ లేరు.

నీతి: ఒక్కరి బలం అన్ని చోట్లకూ అందదు. అందలేదని చెప్పినవాళ్లను చూసి నవ్వకుండా, ముందే వాళ్ల చోట నిలబడి చూడాలి.