సుద్ద బాణాలు

ధ్రువప్రాంతపు పెచోరా చమురునేలలో నేను రాళ్లచదువు నేర్చుకున్నది అలెక్సేయ్ పావ్లొవిచ్ దగ్గర. అక్కడ గురువును ఆయన పేరూ, తండ్రి పేరూ కలిపి పిలవాలి. నాకు నోరు తిరగడానికి ఏడాది పట్టింది. నన్ను మాత్రం ఆయన మొదటిరోజే ‘రంగా’ అనేశారు.

ఆ నేల ఒకప్పుడు వేడిదేశాల్లో సముద్రపుటొడ్డున ఉండేదనీ, జరిగి జరిగి మంచులోకి వచ్చిందనీ ఆయన చెబితే రాసుకున్నాను. రాసుకున్నానంతే.

చమురుబావి తవ్వేటప్పుడు పైకి తీసిన రాతికడ్డీలను పొడవాటి చెక్కపెట్టెల్లో వరసగా దాచేవాళ్లు. వాటిని చదివే కొత్త బావికి చోటు చెప్పాలి. ఒక పెట్టెలో నాకు అడుగున ఉండాల్సిన పాతరాయి పైన, కొత్తరాయి కింద కనబడింది. ఇంకేం, ఉరల్ కొండలు పుట్టినప్పటి తోపుడుకి పాతపొర వచ్చి కొత్తదాని మీదికి ఎక్కిందని నలభై పేజీలు రాసి, సంతకానికి పట్టుకెళ్లాను. ఆ సంతకం పడితే బావి చోటు మారుతుంది, నా పేరు నిలుస్తుంది.

ఆయన కాగితాలు పక్కనపెట్టి పెట్టె దగ్గరికి నడిచారు.

“రాళ్లు భలే శుభ్రంగా ఉన్నాయే.”

“నేనే బ్రష్షుపెట్టి కడిగానండీ. ఏళ్లనాటి దుమ్ము!”

ఆయన ఒక ముక్క తీసి, తాగుతున్న టీ కాస్త దానిమీద ఒంపి, నా చేతికిచ్చారు. తడికి గీతలు తేలాయి. ఎప్పుడో ఎండి బీటలువారిన బురద అది. బీటల్లో ఇసుక నిండి, అంతా కలిసి రాయైపోయింది.

“రంగా, వేసవిలో మీ ఊరి పొలం ఎలా పగులుతుంది?”

కిటికీ బయట మంచు. నాకు మాత్రం దివిసీమలో కోతలైపోయిన మా చేలు కళ్లకు కట్టాయి. నా గోలీకాయలు ఎన్ని ఆ బీటల్లో పడిపోయాయో! ఇంటిమీద బెంగపుట్టింది.

“పైన వెడల్పు, కిందికి పోనుపోను సన్నం,” అన్నాను.

అన్నాక చేతిలోని ముక్క చూశాను. దాని బీటలు కింద వెడల్పు, పైకి సన్నం.

ఏది పైవైపో తెలియాలని గురువుగారు కడ్డీలమీద గీసిన సుద్దబాణాలు నా కడుగుడికి కొట్టుకుపోయాయి. ఆరబెట్టి, వరస మొత్తం తలకిందులుగా పేర్చింది నేనే. పాపం, ఉరల్ కొండలు ఏమీ ఎరగవు.

సిగ్గుతో తలెత్తలేక, ముక్కలు ఒక్కొక్కటే తిప్పి పేర్చడం మొదలుపెట్టాను. ఆయన పక్కనే కూర్చుని, జేబులోంచి సుద్దముక్క తీసి, నేను పెట్టిన ప్రతిదానిమీదా బాణం గీశారు. నలభై పేజీల మాటే ఎత్తలేదు.

బీటలున్న ముక్క ఒక్కటే నా చేతిలో మిగిలింది.

“ఇదీ ఒకప్పుడు ఎండల ఊరిదే,” అన్నారు. “నువ్వు గుర్తుపడతావనుకున్నాను.”