మూడు వందల పదమూడో ముప్పు

తమ్మిరేవులో దర్జీ గవరయ్య ఇంట్లో ఉన్నంత తెలివి తాలూకా మొత్తం గాలించినా దొరకదు. ఈ మాట గవరయ్యే చెప్పాడు కనక ఇంక అనుమానం లేదు. ఒకాయన "వచ్చే ఏడాదికి కూడా సరిపోయేట్టు కుట్టవయ్యా" అంటే, చొక్కా కుట్టి, బీరువాలో పెట్టి తాళం వేసి, సరిగ్గా ఏడాదికి చేతిలో పెట్టాడు. మాట అంటే అదీ!

ఆ ఇంట్లో గవరయ్య, తమ్ముడు బంగారయ్య, గవరయ్య భార్య పైడితల్లి. ఊరి బడిలో మూడు వందల పన్నెండు మంది పిల్లలకి యూనిఫారాలు కుట్టే పని వాళ్ళకే వచ్చింది. హెడ్‌మాస్టరు సోమలింగం గారి సఫారీ సూటు దానికి అదనం. సోమవారం బడి తెరుస్తారు. ఆ పొద్దుటికి బట్టలు అందకపోతే పని కాలవ అవతలి దర్జీకి పోతుంది. పని పోతే పోనీ, వాడి ముందు తల వంచుకోవడం గవరయ్య వల్ల కాదు.

కుట్లన్నీ అయ్యాయి. అంచులు మడవాలి. ఏ జత ఎవరిదో, ఎవరికి ఎంత మడవాలో బంగారయ్య ఒంటి వేలితో కంప్యూటర్లో కొట్టి దాచాడు. ఇంకెక్కడా రాసి లేదు.

శుక్రవారం నాడు కంప్యూటరు కుయ్యిమంది. తెర మీద ఎర్రటి డాలు బొమ్మ. బంగారయ్య అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది!"

గవరయ్య పైకి చూశాడు. సరిగ్గా కంప్యూటరు నెత్తి మీద ఫ్యాను. "పెట్టేటప్పుడే చెప్పాను, ఊడి పడుతుందని!" అన్నాడు. అంతే, ముగ్గురూ బల్ల ఎత్తి గోడవారకి చేర్చారు. అక్కడా ప్రమాదమే అంది. వంటింట్లోకి మోశారు. తెర మీద మాట మారింది. "313 ముప్పులు దొరికాయి. వెంటనే తొలగించండి!"

"పిల్లలు మూడు వందల పన్నెండే కదా అన్నయ్యా, ఆ ఒక్కడూ ఎవడు?"

"మాస్టారి కొలత కూడా అందులోనే ఉంది కదట్రా," అన్నాడు గవరయ్య.

"ఆ ఏడో తరగతి వాళ్ళని చూసినప్పుడే అనుకున్నాను," అంది పైడితల్లి. "కొలత తీస్తుంటే నా జడకి గుండీ కుట్టేశారు. ముప్పులు కాక ఏంటి?"

ఇంకేముంది! బంగారయ్య ఒక్కో పేరూ చదవడం, "పోయిరా నాయనా" అనడం, చెరిపెయ్యడం. చీకటి పడేలోగా పిల్లలూ పోయారు, మాస్టారూ పోయాడు. తెర మాత్రం ఇంకా 313 ముప్పులే అంటోంది. పైగా, "పూర్తి రక్షణకు ఇక్కడ డబ్బు చెల్లించండి" అంది.

గవరయ్య బాకీ ఉంచుకునే మనిషి కాదు. ఎక్కడ చెల్లించమందో సరిగ్గా అక్కడే, గంజి రాసి, అయిదు వందల నోట్లు నాలుగు అంటించాడు. తెర పుచ్చుకోలేదు.

"అయ్యా, మరి ఎవరికెంత మడవాలో ఎలా తెలుస్తుంది?" అంది పైడితల్లి.

గవరయ్య ఎదురింటి వైపు చూశాడు. ఆ ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసేది ఎదురింటి నూకరాజు ఒక్కడే. పదకొండేళ్ళ కింద లాగు తెచ్చి, ఒక కాలు పొట్టిగా ఉందన్నాడు వాడు. వాడి కాలే పొడుగని తేల్చేసి, ఆనాటి నుంచీ గవరయ్య వాడితో మాట్లాడలేదు. అయినా పరువు ముందు పంతం ఎంత? శనివారం పొద్దున్నే కబురంపాడు.

నూకరాజు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "పైడితల్లీ, వాణ్ణి కూచోమను," అన్నాడు గవరయ్య గోడకేసి చూస్తూ.

నూకరాజు తెర చూసి పకపకా నవ్వాడు. ముందు నెట్టు తీగ పీకాడు. ప్రోగ్రాముల పట్టికలో ఆ డాలుగాడి పేరు పట్టుకుని తీసేశాడు. నిజమైన యాంటీవైరస్‌తో అంతా గాలించాడు. చెరిపేసిన కొలతలు కంప్యూటరు చెత్తబుట్టలోనే ఉంటే వెనక్కి తెచ్చాడు.

"కార్డు నంబరు కొట్టకుండా నోట్లు అంటించారు, బతికిపోయారు. వాడు కాపలాదారు వేషం వేసుకున్న దొంగ. గుర్తులు చెప్తా, వినండి. పిలవకుండా వస్తాడు. వస్తూనే భయపెడతాడు. తొందరపెడతాడు. డబ్బు అడుగుతాడు. మూసినా మళ్ళీ వస్తాడు."

"వస్తే ఏం చెయ్యాలో అడుగు పైడితల్లీ."

"ఏం చెప్పినా నమ్మకండి. తీగ పీకండి. తీసి బుట్టలో పడెయ్యండి. పొరపాటున మంచిదాన్ని పడేసినా భయం లేదు, వెనక్కి తీస్తే ముందున్న చోటికే పోతుంది."

గవరయ్య అయిదు గుర్తులూ అయిదు వేళ్ళకి దారం కట్టి గుర్తుపెట్టుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నానికి మడతలన్నీ అయిపోయాయి. అప్పుడు గుమ్మంలోకి సోమలింగం మాస్టారు వచ్చాడు.

"ఏమయ్యా గవరయ్యా, రేపటికి బట్టలు రాకపోతే నీ పని సరి!"

గవరయ్య వేళ్ళు చూసుకున్నాడు. పిలిచామా? లేదు. భయపెట్టాడా? పెట్టాడు.

"వెంటనే చూపించు! లేదా అడ్వాన్సు వెనక్కియ్యి!"

తొందరా అయింది, డబ్బూ అయింది. గవరయ్య తలుపు మూశాడు. మాస్టారు పెరటి దారిన వచ్చాడు. అయిదో వేలు!

"వీడు వాడేరా తమ్ముడూ! మూడు వందల పదమూడోవాడు! తీగ పీకు!"

మాస్టారి చెవి మిషనుకి తీగ ఉంది. బంగారయ్య పీకాడు. "ఏంటీ? ఏంటీ?" అని అరుస్తుండగానే ముగ్గురూ ఎత్తి గుడ్డపీలికల బుట్టలో కుదేశారు. గోల విని నూకరాజు పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యో! ఆయన అసలు మాస్టారే!"

"అయితే అయ్యాడు, వెనక్కి తీస్తే ముందున్న చోటికే పోతాడని చెప్పింది వాడే కదుటే పైడితల్లీ," అన్నాడు గవరయ్య.

ముందున్న చోటంటే బడిలో కుర్చీ. అంతే, బుట్ట నెత్తికెత్తుకుని బజారంతా నడిచారు. ఆదివారం, బడికి తాళం. కిటికీ ఒక్కటే తెరిచి ఉంది. గవరయ్య టేపు తీశాడు. కిటికీ ఇరవై రెండు అంగుళాలు. మాస్టారి నడుము చుట్టూ నలభై.

"పద్దెనిమిది ఎక్కువ," అన్నాడు గవరయ్య. "కిటికీ పెంచడం మన విద్య కాదు. తగ్గించడం మనకి తెలిసిందే. తమ్ముడూ, కత్తెర అందుకో."

చెవి మిషను లేకపోయినా మాస్టారికి కత్తెర కనబడింది. ఒక్క గెంతుకి బుట్ట దాటాడు, రెండో గెంతుకి గోడ దాటాడు, మూడో గెంతుకి ఊరే దాటాడు.

సోమవారం పొద్దున్నే మూడు వందల పన్నెండు జతలూ, సఫారీ సూటూ నూలుపోగంత తేడా లేకుండా బడికి చేరాయి. ముట్టినట్టు సంతకం పెట్టడానికి మాత్రం మాస్టారు లేడు.

"చూశావుటే?" అన్నాడు గవరయ్య మీసం దువ్వుతూ. "ఎదురింటివాడు తీసింది ఒక్కటే. మిగిలిన ముప్పు నేను తీశాను. పైడితల్లీ, ఆ సూటు వెనక్కి తీసుకెళ్ళి బీరువాలో పెట్టు, వచ్చే ఏడాదికి సరిపోతుంది."